ఉన్ని వడికే చేతులు



ఉన్ని నేత అనగానే పట్టణవాసుల కన్నుల ముందు నిలిచేది తివాచీ. అది కాబూలు నుండి గాని పారశీకము నుండి గాని వచ్చినదైతే మరీ మంచిది. దానిని కూర్చునే గదిలో పరచి, వచ్చినవారు చెప్పులు బయట విడిచినారా లేదా అని ఇంటివారు ఓరకంట చూస్తుంటారు. అదే గొర్రె ఉన్నితో మన పాలమూరు, నల్లగొండ మెట్టలలో తయారయ్యే వస్తువు ఒకటున్నది. దాని పేరు గొంగడి. కోస్తా జిల్లాలవారు గొంగళి అంటారు. ఆ వస్తువును మన భాష ముఖ్యముగా రెండు సామెతలలో వాడుకొన్నది. పని సాగకపోతే ఎక్కడ వేసిన గొంగడి అక్కడే ఉన్నదంటాము. ఎదుటివాని చాదస్తమును ఎగతాళి చేయవలసి వస్తే గొంగడిలో తింటూ వెంట్రుకలు ఏరుతున్నాడంటాము. రెండింటిలోను గొంగడికి దక్కిన మర్యాద అంతంతమాత్రమే.

గొంగడి నేత కురుమల పని. మగ్గము దగ్గర కూర్చుండేది సాధారణముగా పురుషుడు. అందుచేత గొంగడి నేసినవాడెవరని అడిగితే ఊరిలో ఒక పేరు చెబుతారు. ఆ మగ్గమునకు నూలు అందించినదెవరని మాత్రము ఎవరూ అడుగరు. నేడు మేము ముఖ్యముగా చెప్పదలచినది అడుగని ఆ రెండవ ప్రశ్నను గురించే.

ముందుగా ఆ నేలను గురించి నాలుగు మాటలు. పాలమూరు అని మనము పిలుచుకొనే పాత మహబూబునగరు జిల్లాలో వానలు తక్కువ. ఏడాదికి సుమారు 600 మిల్లీమీటర్లు పడితే అది మంచి ఏడాదే. రాతి గుట్టలు, ఎర్ర చెలక భూములు, తుమ్మ చెట్లు, రేగు పొదలు. నల్లగొండ మెట్టభాగము స్వభావము కూడ ఇంచుమించు ఇదే. 2016 అక్టోబరు 11న జరిగిన పునర్విభజనతో ఈ రెండు పాత జిల్లాలు అనేక జిల్లాలుగా చీలినవి గాని, నేల చీలలేదు. గొర్రెల బాటలు ఇప్పటికీ ఆ హద్దులను లెక్కచేయవు. నేతకు ఈ సీమ పెట్టినది పేరు. పోచంపల్లి, గద్వాల, నారాయణపేట చీరలు మూడూ ఈ రెండు పాత జిల్లాలలోనివే. పోచంపల్లి చీర దేశములు తిరిగినది. గద్వాల చీర పెండ్లిపీటల మీద కూర్చున్నది. అదే సీమలో పుట్టిన గొంగడి మాత్రము గొర్రెల కాపరి భుజము దిగి గదిలోనికి రాలేదు.

గొంగడి పుట్టుక గొర్రెతోనే ఆరంభము. ఈ ప్రాంతపు అసలు జాతి దక్కని గొర్రె. ఎక్కువగా నల్లనిది, అక్కడక్కడ తెలుపు, బూడిద వన్నెలు కలిసినవి కూడ ఉంటాయి. ఎండకు, గతుకు నేలకు, మైళ్లకొద్దీ నడకకు తట్టుకొనే శరీరము దానిది. దాని ఉన్ని మెత్తనిది కాదు. దానితో శాలువ నేయబోతే భుజములు గీరుకుపోతాయి. కాని ఆ మోటుదనమే గొంగడికి ప్రాణము. ఏడాదికి రెండుసార్లు ఉన్ని కత్తిరిస్తారు. ఒక్కొక్క కోతకు ఒక గొర్రె నుండి వచ్చేది సాధారణముగా అరకిలోకు లోపే. ఒక గొంగడికి రెండు మూడు కిలోల ఉన్ని కావలె. అనగా ఒక మనిషి చలి తీర్చడానికి ఒక చిన్న మంద తన ఒంటి మీది బట్టను విప్పి ఇవ్వవలసి ఉన్నది.

కత్తెర పట్టేది మగవారు. కత్తిరించిన ఉన్ని ఇంటికి చేరిన తరువాత కథ స్త్రీల చేతిలోనికి వస్తుంది. మొదటి పని ఏరడము. మంద ముండ్లకంపలలో తిరిగినది కదా, ఉన్ని నిండా పల్లేరుకాయలు, ముండ్లు, గడ్డిపరకలు. వాటిని వేళ్లతో ఒక్కొక్కటిగా తీసివేయవలె. ఆ వెంటనే రంగుల వారీగా వేరుచేయడము. నలుపులో కూడ రకములున్నవి. లేత గొర్రెపిల్ల మొదటి కోత నలుపు వేరు. ఎండకు కాలి గోధుమ వన్నెకు తిరిగిన ముసలి గొర్రె నలుపు వేరు. గొంగడికి అద్దకము లేదు, రంగుల తొట్టి లేదు. అంచున కనిపించే తెల్లని గీత తెల్ల గొర్రె ఇచ్చినదే. నడుమ నలుపు నల్ల గొర్రె ఇచ్చినదే. కాబట్టి గొంగడి వన్నె చాలావరకు నిర్ణయమయ్యేది మగ్గము మీద కాదు, వాకిట్లో చాపమీద కూర్చుని ఉన్ని ఏరే స్త్రీ వేళ్ల నడుమ.

తరువాత ఏకడము. వింటినారి వంటి తీగను ఉన్నికి తగిలించి మీటుతుంటే చిక్కుపడిన వెంట్రుకలు విడిపోయి మబ్బుతునకలవలె లేస్తాయి. వాటిని ఏకులుగా చుట్టి వడుకుటకు కూర్చుంటారు. రాట్నముమీద వడికేవారున్నారు, చేతి కదురుతో వడికేవారున్నారు. కుడిచేయి రాట్నమును తిప్పుతుంటే ఎడమచేయి ఏకును వెనుకకు లాగుతుంది. ప్రత్తి ఏకు వంటిది కాదు ఇది. ప్రత్తి పోగు లొంగి వస్తుంది. ఈ ఉన్ని పోగు మొండిది; పురి తక్కువైతే విడిపోతుంది, ఎక్కువైతే మెలిపడి ముడుచుకొంటుంది. పడుగుకు గట్టి పురి కావలె, పేకకు కొంత వదులు పురి చాలును. ఈ తేడాను కొలిచే సాధనము ఏదీ వారి దగ్గర లేదు. బొటనవ్రేలు, చూపుడువ్రేలు, ముప్పది నలువది ఏండ్ల అలవాటు, ఇంతే. మగ్గము రెండు మూడు దినములలో మింగివేసే నూలును ఒక్క స్త్రీ సిద్ధము చేయవలెనంటే వారములు పడుతుంది. వంట, నీళ్లు, కూలి, పసిపిల్లలు అన్నీ ముగిసిన తరువాత మిగిలిన వేళలలో వడకడము కదా. అందుచేతనే ఒక మగ్గము ఆగకుండా ఆడవలెనంటే దాని వెనుక ముగ్గురు నలుగురు ఆడవారు రాట్నముల ముందు కూర్చుని ఉండవలసినదే.

ఇంతటితో వారి పని తీరలేదు. పడుగుకు చింతంబలి పట్టించవలె. చింతగింజలను వేయించి, నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి, కాచిన గంజి అది. దానిని పడుగు పొడవునా కుంచెతో పూస్తారు. పోగులమీది నూగు అణగిపోయి మగ్గము దెబ్బకు తెగకుండా నిలుస్తాయి. ఆ గంజి వలననే క్రొత్త గొంగడి అట్టవలె బిరుసుగా నిలబడుతుంది. వాన చినుకు దానిమీద పడితే కొంతసేపటి వరకు జారిపోతుందే గాని లోపలికి దిగదు. ఉన్నికి సహజముగా మరొక గుణమున్నది. తన బరువులో మూడవ వంతు దాకా తేమను పీల్చుకొన్నప్పటికీ తాకిన చేతికి తడిగా తోచదు. జడివానలో కొప్పెర వేసుకొని మంద వెంట నిలబడిన కాపరికి ఈ శాస్త్రము తెలియదనుకోనక్కరలేదు; అతడు దానిని ఒంటితో చదివినవాడు.

మేము ధ్వనిముద్రణ యంత్రము పట్టుకొని కొన్ని పల్లెలకు వెళ్లిన సందర్భములలో ఒక సంగతి గమనించినాము. గుంటమగ్గము శబ్దము చక్కగా రికార్డు అవుతుంది. పేకను దగ్గరకు తట్టే చెక్క దెబ్బకు ఒక తాళమున్నది. శ్రోతకు వెంటనే మగ్గము కనులకు కట్టినట్లు తోస్తుంది. ఏకే వింటినారి మోత కూడ బాగుగా పలుకుతుంది. వడికే చోట మాత్రము మైకు ఎంత దగ్గర పెట్టినా వినిపించేది రాట్నము కిర్రు, నడుమ నడుమ గాజుల చప్పుడు, వాకిట్లో కోడి అరుపు, అంతే. అన్నింటికంటె ఎక్కువ కాలము పట్టే పనికి అన్నింటికంటె తక్కువ శబ్దము. రేడియోలో పనిచేసే మాకు ఈ సంగతి కొంచెము గుచ్చుకొన్నది.

ఆరంభములో కాబూలు తివాచీని ఊరకే తలచుకోలేదు. ఆఫ్ఘనిస్థానము ఉత్తర భాగమున, అంద్‌ఖోయ్, ఆక్చా వంటి ఊళ్ల చుట్టుపట్ల, తుర్కమెను స్త్రీలు తివాచీలు అల్లుతారు. అక్కడ మగ్గము కూడ ఆడవారి చేతిలోనిదే. నేలకు సమముగా పరచిన మగ్గముమీద వరుసలుగా కూర్చుని, పడుగు పోగుల చుట్టూ ఉన్ని ముడి వేసి, కత్తితో కోసి, మరల ముడి వేస్తూ పోతారు. మేలురకపు తివాచీలో ఒక చదరపు అంగుళమునకు నూరు ముడులకు పైగా ఉంటాయి. ఒక తివాచీ పూర్తి అయ్యేటప్పటికి నెలలు గడుస్తాయి. మరి ఆ తివాచీలకు లోకము చాలాకాలము పెట్టిన పేరేమి? బుఖారా తివాచీ. బుఖారా దానిని అల్లిన ఊరు కాదు. వర్తకులు దానిని అమ్మిన పట్టణము. 1979లో సోవియట్ సేనలు ఆ దేశములో ప్రవేశించిన తరువాత లక్షల కుటుంబములు పాకిస్థానమునకు తరలిపోయినవి. శరణార్థుల శిబిరములలో కూడ ఆ స్త్రీలు ముడులు వేయడము మానలేదు. అక్కడి తివాచీలెన్నో పాకిస్థాను సరుకుగా ఓడలెక్కినవి. 2021 ఆగస్టులో తాలిబానులు మరల అధికారమునకు వచ్చినారు. ఆరవ తరగతి దాటిన బాలికలకు బడి తలుపులు మూసినారు. బడిలో ఉండవలసిన పిల్లలెందరో మగ్గము ముందు కూర్చున్నారు. ఇంత పేరున్న సరుకు, ఇంత ధర పలికే సరుకు. అల్లిన చేయి ఎవరిదో కొనేవానికి తెలియదు.

మన వడుకు స్త్రీ పరిస్థితి అంతకంటె ఒక మెట్టు దిగువ. ఆఫ్ఘను తివాచీని ఆడవారు అల్లుతారని కనీసము లోకమునకు తెలుసు. గొంగడి వెనుక ఆడవారున్నారని మన పొరుగు వీధివారికే తెలియదు.

గొంగడికి గౌరవము లేదని మొదట అన్నాము. అది పట్టణముల మాట. కురుమల ఇండ్లలో దాని స్థానము వేరు. వారి కులదైవము బీరప్ప. ఆయన కథను ఒగ్గువారు డోలు కొట్టి రాత్రులు తెల్లవార్లు చెబుతారు. 1909లో అచ్చయిన ఎడ్గార్ థర్‌స్టన్ గ్రంథములో కురుబలలో ఉన్నికంకణమువారు, హత్తికంకణమువారు అనే విభాగములను పేర్కొన్నారు. హత్తి అనగా కన్నడమున ప్రత్తి. పెండ్లినాడు మణికట్టుకు కట్టే దారము ఉన్నిదా, ప్రత్తిదా అనే దానినిబట్టి వచ్చిన పేర్లవి. ఒక పోగు దారము ఒక వంశమునకు గుర్తు అయినదన్నమాట. ఆ పోగు వడికినది కూడ ఆ ఇంటి ఆడదే కదా!

తెలంగాణ చరిత్రలో కూడ గొంగడికి చోటున్నది. 1946 జూలై 4న కడివెండి గ్రామములో దొర మనుషుల తుపాకి గుండుకు ప్రాణము విడిచిన దొడ్డి కొమరయ్య కురుమల బిడ్డ. ఆ గ్రామము అప్పుడు నల్లగొండ జిల్లాలోనిది, ఇప్పుడు జనగామ జిల్లాలోనిది. ఆ పోరాటమును తలచుకొనే బొమ్మలలో, ప్రదర్శనలలో గొంగడి కనిపించకుండా ఉండదు. మా భూమి చిత్రములో గొంగడి వేసుకొని గద్దరు పాడిన దృశ్యము చాలామందికి ఇప్పటికీ జ్ఞాపకమున్నది. ఈ కాలపు బహిరంగసభలలోనైతే ఏ పక్షపు నాయకుడు వచ్చినా సరే, భుజముపై ఒక గొంగడి కప్పి, చేతికి ఒక గొర్రెపిల్లను అందించి ఛాయాచిత్రము తీయిస్తారు. గొర్రెపిల్ల బెదిరి అరుస్తుంది. నాయకుడు నవ్వుతాడు. ఆ గొంగడి చేతివడుకుదా, మిల్లు నూలుదా అని ఎవరైనా పరిశీలించినట్లు మేము వినలేదు.

ఇక అసలు చిక్కుకు వస్తున్నాము. 2012 పశుగణనలో తెలంగాణ ప్రాంతమునందలి గొర్రెలు సుమారు 1 కోటి 28 లక్షలు. 2019 గణనలో సుమారు 1 కోటి 91 లక్షలు. దేశమునందలి గొర్రెలన్నీ 7 కోట్ల 43 లక్షలు కాగా, ప్రతి నాలుగింటిలో ఒకటి తెలంగాణలో ఉన్నదన్నమాట. రాష్ట్రములలో ప్రథమ స్థానము. ఇన్ని గొర్రెలుండగా వడికే స్త్రీకి ఉన్ని దొరకడము లేదంటే నమ్మబుద్ధి పుట్టదు. కాని నిజము అదే. పెరిగినవి ఎక్కువగా మాంసపు గొర్రెలు, ఉన్ని గొర్రెలు కావు.

ఇది ఒక్కనాటి మార్పు కాదు. నల్లగొండ వైపు మొదటి కారణము నీరు. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగినది, 1967లో కాలువలకు నీరు వదలినారు. ఎడమ కాలువ క్రింద మిర్యాలగూడ ప్రాంతములో మేతబీళ్లు వరిమళ్లు అయినవి. రైతుకు అది వరము, కాదనేవారు లేరు. అయితే ఒంటినిండా ఉన్ని ఉన్న దక్కని గొర్రెకు బురద, తేమ పడవు. ఆ నేలకు ఉన్ని లేని, పొట్టి వెంట్రుకల నెల్లూరు జాతి సరిపోయినది. అది బలముగా ఎదుగుతుంది, తూకము ఎక్కువ తూగుతుంది. మాంసము ధర పెరిగిన కొలది పాలమూరు మెట్టలలో సైతము నెల్లూరు పొట్టేలును మందలో వదలినారు. రెండు మూడు ఈతలకే పిల్లల ఒంటిమీద ఉన్ని పలుచబడి వెంట్రుకగా మారిపోతుంది. 2017 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వము గొల్ల కురుమలకు 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున నూటికి 75 వంతుల సబ్సిడీతో పంపిణీ మొదలుపెట్టినది. అనేక కుటుంబములకు ఆదాయము చూపిన పథకమే. కాని ఆ గొర్రెలను కొన్నది పొరుగు రాష్ట్రములలో. చూచినది వాటి మాంసమును, ఉన్నిని కాదు.

రెండవ దెబ్బ బజారు నుండి వచ్చినది. పానిపట్టులో పాత ఉన్నిబట్టలను చింపి, దారము తీసి, మరల నేసిన చవక దుప్పట్లు ఊరూరి సంతకు వచ్చినవి. వాటి వెనుక మెత్తని పాలియెస్టరు కంబళ్లు వచ్చినవి. వానకు ప్లాస్టిక్ పట్ట ఉండనే ఉన్నది. గొంగడి అడిగేవారు తగ్గినారు, ఉన్ని ధర పడిపోయినది. కత్తిరించినవానికి ఇచ్చే కూలి ఉన్ని వెలకంటె ఎక్కువ అయిన చోట్ల, కత్తిరించిన ఉన్నిని దిబ్బమీద పారవేస్తున్నారు. ఒకప్పుడు ఆ ఉన్ని ఇంటి ఇల్లాలి సొంత సంపాదన. మగవాడు మందను తోలుకొని మేత కొరకు నెలలకొద్దీ ఊరు విడిచిపోతే, పొలములలో మంద నిలిపినందుకు రైతు ఇచ్చే ధాన్యము అతని లెక్క. ఇంటివద్ద వడికిన నూలు ఆమె లెక్క. ఉప్పుకు, చీరకు, బిడ్డ బడి పలకకు ఆ లెక్కనుండే తీసేది. దిబ్బమీద పడినది ఉన్ని మాత్రమే కాదని ఆడవారికి తెలుసు.

దీనికి విరుగుడు లేకపోలేదు. దక్కని గొర్రెల మేకల పెంపకందారుల సంఘమువారు, వారికి తోడుగా పశువైద్యులు నడిపే ఆంత్ర అనే సంస్థ, అసలు దక్కని పొట్టేళ్లను మందలలో నిలబెట్టుకొనుమని చాలా ఏండ్లుగా చెబుతున్నారు. కరువులో నిలిచేది, దూరము నడిచేది ఆ జాతియే అని వారి వాదము. మాకు అది సబబుగానే తోస్తున్నది. అయితే గొర్రె దక్కినంత మాత్రమున నూలు దక్కదు. నేత నేర్పే శిక్షణ అంటే మగ్గము గుర్తుకు వస్తుంది. అప్పు ఇచ్చేది మగ్గమునకు, గుర్తింపు కార్డు మగ్గము మీది మనిషికి. 2019–20 చేనేత గణనలో దేశమందలి సుమారు 35 లక్షల చేనేత పనివారిలో నూటికి 70 మందికి పైగా స్త్రీలే అని తేలినది. అంటే లెక్కించేవారికి ఆడవారు కనిపించడము మొదలయినది. ఇక వడికినదానికి వడికినట్లు, తూకమును పురిని చూచి వేరుగా మజూరి కట్టడము ఒక్కటి జరిగితే, రాట్నము ముందు కూర్చునేవారిలో నడివయసువారు, పడుచువారు కూడ కనిపిస్తారని మా నమ్మకము. ఇప్పుడు ఎక్కువగా కనిపించేది తల నెరసిన అవ్వలు. కోడండ్రకు ఎందుకు నేర్పలేదని అడిగితే, కూలికి పోతే సాయంత్రానికి డబ్బు చేతిలో పడుతుంది, దీనితో ఏమి పడుతుందని వారు ఎదురు ప్రశ్న వేస్తారు. ఆ ప్రశ్నకు రేడియోలో సమాధానము లేదు.

శ్రోతలలో ఎవరైనా గొంగడి కొనదలిస్తే పనికివచ్చే సంగతులు కొన్ని చెప్పి ముగిస్తాము. అంచునుండి ఒక పోగు తీసి నిప్పు తగిలించి చూడండి. ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన వేసి, నల్లని పొడిగా వ్రేళ్ల మధ్య నలిగిపోతుంది. పాలియెస్టరు అయితే కరగి గట్టి పూసవలె ముద్దకడుతుంది. పోగు అంతటా ఒకే లావుగా, గీత గీసినట్లుంటే అది మిల్లుది. అక్కడక్కడ కొంచెము ఉబ్బి, కొంచెము సన్నగిల్లి ఉంటే చేతివడుకుది; దానిని లోపమని ధర తగ్గించమని అడగకండి. క్రొత్త గొంగడి గీరుకొంటుంది, ఒకటి రెండు చలికాలములు వాడితే మెత్తబడుతుంది. వేడినీళ్లలో ఉతకరాదు, ముడుచుకుపోతుంది. పెట్టెలో పెట్టేటప్పుడు మడతల నడుమ ఎండిన వేపాకు వేస్తే పురుగు పట్టదు. మొదటిసారి వానలో తడిసినప్పుడు గొర్రె వాసన వేస్తుంది. ఎండలో ఆరవేస్తే రెండు మూడు దినములకు అది పోతుంది.